పాత కారు నల్ల ప్లాస్టిక్ బూడిద రంగుకి తిరిగిందా? హీట్ గన్ ఆన్ చేసే ముందు ఇది చదవండి

ఫోన్‌కి వేసిన ట్రాన్స్‌పరెంట్ కేస్ ఏడాది తిరక్కుండానే పసుపుపచ్చగా మారడం మీరు చూసే ఉంటారు. ఇరవై ఏళ్లుగా ఇంటి ముందు ఎండలో నిలబడ్డ మారుతి 800 బంపర్ బూడిద రంగుకి తిరగడం కూడా దాదాపు అదే కథ. రెండు చోట్లా విలన్లు ఎండలోని యూవీ కిరణాలు, గాలిలోని ఆక్సిజన్. కాకపోతే ఫోన్ కేస్ పాడైతే రెండొందలు పెట్టి కొత్తది కొనేస్తాం. పాత 800 బంపర్, అదే గరుకుదనంతో, అదే ఫిట్టింగ్‌తో కావాలంటే మాత్రం ఈరోజుల్లో చాలా తిరగాలి.

యూట్యూబ్‌లో "పది నిమిషాల్లో కొత్తదిలా" అనే వీడియోలు బోలెడన్ని ఉన్నాయి. ఒకరు హీట్ గన్ పెడతారు, ఇంకొకరు కొబ్బరి నూనె రాస్తారు, మరొకరు స్ప్రే పెయింట్ కొట్టేస్తారు. వీడియో చివర్లో ప్లాస్టిక్ నిజంగానే నల్లగా కనిపిస్తుంది. మనం అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఆ నలుపు ఎన్ని వాష్‌లు నిలుస్తుంది? ఫలితం నచ్చకపోతే మళ్లీ మొదటికి వెళ్లగలమా? మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, రోల్‌బ్యాక్ ఉందా లేదా?

ఈ ఆర్టికల్ మొత్తం ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. వెనక్కి తీసుకోగలిగే పనులు ముందు చేయాలి, తీసుకోలేనివి చివరికి ఉంచుకోవాలి. ఈ ఒక్క ఆర్డర్ పాటిస్తే చేతిలో ఉన్న ఒరిజినల్ పార్ట్ పాడవదు.

ఇది ఏ కార్ల సమస్య?

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి రోల్స్ రాయిస్ చూస్తే దాని మీద ఇలా వెలిసిపోయే ప్లాస్టిక్ ఎక్కడా కనపడదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల్లో కూడా బంపర్ అంటే క్రోమ్ వేసిన స్టీలే. వాటికి శత్రువు తుప్పు. 1972లో ఫ్రాన్స్‌లో రెనో 5 వచ్చాక ప్లాస్టిక్ బంపర్లు మెల్లగా మామూలైపోయాయి. మన దగ్గర 1983 డిసెంబర్‌లో మారుతి 800 రోడ్డెక్కింది. ఆ తర్వాత వచ్చిన కాంటెస్సా, ప్రీమియర్ 118 ఎన్‌ఈ, 1991 నాటి టాటా సియెర్రా లాంటి వాటిలో నల్ల ప్లాస్టిక్ ఒక స్టైల్ అయిపోయింది. బంపర్లు, సైడ్ మౌల్డింగ్‌లు, అద్దాల కవర్లు, వైపర్ల కింద ఉండే జాలీ, గ్రిల్ అన్నీ అదే.

హైదరాబాద్‌లో 800 ఓనర్లకి ఇంకో లెక్క ఉంది. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 రూల్స్ వచ్చినప్పుడు మన నగరంతో పాటు పెద్ద నగరాల్లో 800 అమ్మకాలు ఆగిపోయాయి. 2014 జనవరిలో తయారీయే ఆగింది. అంటే ఇక్కడ షోరూమ్‌లో కొన్న ఆఖరి 800కి కూడా పదిహేనేళ్లు దాటేశాయి. పదిహేనేళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకీ ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామంటే 2021 రూల్స్ ప్రకారం బండికి 50 ఏళ్లు నిండాలి, ఒరిజినల్ రూపంలోనే ఉండాలి. మొట్టమొదటి 800కి కూడా ఆ వయసు 2033లో గానీ రాదు.

కాబట్టి ఇప్పుడు ఈ బండిని ఉంచుకున్నవాళ్లంతా తెలిసి, ఇష్టపడి ఖర్చు పెడుతున్నవాళ్లే. అంత ఖర్చు పెట్టి, తొందరపాటుతో బంపర్ కరగబెట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అసలు ప్లాస్టిక్ ఎందుకు తెల్లబడుతుంది?

చాలామంది "రంగు ఎగిరిపోయింది" అంటారు. నిజానికి రంగు ఎక్కడికీ పోలేదు. నల్ల ప్లాస్టిక్‌లో సాధారణంగా కార్బన్ బ్లాక్ కలుపుతారు. అంటే మెత్తటి మసి లాంటి పొడి. అది ఎండకి అంత తేలిగ్గా వెలిసిపోయేది కాదు. పైగా యూవీని పీల్చుకుని ప్లాస్టిక్‌ని కాపాడేది కూడా అదే.

దెబ్బ తినేది దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్. బంపర్లలో ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్, పొట్టిగా పీపీ. దీని అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. యూవీ తగిలినప్పుడు ఆ గొలుసుల్లోని బలహీనమైన బంధాలు తెగుతాయి, అక్కడ ఆక్సిజన్ చేరుతుంది, అది ఇంకో బంధాన్ని తెంపుతుంది. ఇలా చైన్ రియాక్షన్ సాగుతుంది. కంపెనీలు దీన్ని ఆపడానికి స్టెబిలైజర్లు కలుపుతాయి కానీ అవి కూడా ఏళ్ల తరబడి ఖర్చవుతూ వస్తాయి. అవి అయిపోయాక పైపొర కంటికి కనపడనంత సన్నగా పగులుతుంది, పొడి పొడిగా మారుతుంది. లోపల కలిపిన టాల్క్ లాంటి తెల్ల ఫిల్లర్ బయటపడుతుంది. ఆ గరుకు ఉపరితలం మీద పడ్డ వెలుతురు అన్ని వైపులా చెదిరిపోతుంది. మన కంటికి అదే బూడిద రంగు.

పలక గుర్తుంది కదా? తడి గుడ్డతో తుడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది, ఆరగానే మళ్లీ బూడిద రంగు. పలకలో రంగు మారలేదు. నీళ్లు చిన్న చిన్న గుంతల్ని నింపడంతో వెలుతురు చెదరడం తగ్గింది, అంతే. మీరు కొనే ట్రిమ్ షైన్‌లు, నూనెలు చేసేది కూడా సరిగ్గా ఇదే. కాకపోతే నీళ్లకంటే నెమ్మదిగా ఆరతాయి లేదా కొట్టుకుపోతాయి.

మన ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో మిట్టమధ్యాహ్నం యూవీ ఇండెక్స్ 11 దాటడం హైదరాబాద్‌లో మామూలే. ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు వస్తువులకి నీడే పడదు. అందుకే బంపర్ పై అంచు, వైపర్ల కింది జాలీ లాంటి ఆకాశం వైపు చూసే భాగాలు ముందు తెల్లబడతాయి. సైదాబాద్ గల్లీల్లో రోజూ ఒకే చోట, ఒకే వైపు ముఖం పెట్టి ఆపే బండ్లని గమనించండి. సాయంత్రం ఎండ పడే పడమటి వైపు మౌల్డింగ్ ఒక రంగు, గోడ నీడలో ఉన్న రెండో వైపు ఇంకో రంగు.

ముందు డయాగ్నోసిస్: తెల్లగా ఉందంటే అన్నీ ఒకటే కాదు

బగ్ ఏంటో తెలియకుండా ఫిక్స్ రాయకూడదు. ప్లాస్టిక్ మీద తెలుపు మూడు రకాలుగా వస్తుంది.

1. బోరు నీళ్ల మరకలు. సిటీలో చాలా ఇళ్లలో కారు కడిగేది బోరు నీళ్లతోనే. అవి ఆరాక కాల్షియం మచ్చలు మిగుల్తాయి. తెల్ల వెనిగర్, మంచినీళ్లు సగం సగం కలిపి ఒక చిన్న చోట గుడ్డతో అద్ది రెండు నిమిషాలు ఆగి తుడవండి. మచ్చ పోయిందంటే అది నీటి మరకే. తర్వాత మంచినీళ్లతో బాగా కడగండి.

2. పాలిష్ మరకలు. బాడీకి వ్యాక్స్ రుద్దేటప్పుడు పక్కన ప్లాస్టిక్ మీద పడి గరుకు సందుల్లో తెల్లగా గడ్డకడుతుంది. సాధారణంగా పెయింట్ అంచు వెంబడే ఉంటుంది. పాత టూత్ బ్రష్, షాంపూ నీళ్లతో చాలావరకు పోతుంది. మొండిగా ఉంటే స్కూల్ పిల్లల రబ్బరుతో రుద్దండి.

3. అసలైన ఆక్సిడేషన్. పై రెండూ చేశాక కూడా తడిపితే నల్లగా, ఆరితే బూడిదగా ఉంటే ఇదే. తడి గుడ్డతో గట్టిగా రుద్దితే గుడ్డకి బూడిద పొడి అంటుకుంటుంది.

మొదటి రెండూ అయితే మీకు ఖర్చే లేదు, ఇక్కడితో ఆపేయొచ్చు. ట్రిమ్ రీస్టోరర్ కొనాల్సింది మూడో రకానికి మాత్రమే.

ఏ ప్లాస్టిక్ అన్నది ఎలా తెలుసుకోవాలి?

ఇది అందరూ దాటవేసే స్టెప్. కానీ హీట్ గన్, పెయింట్ రెండూ దీని మీదే ఆధారపడి ఉంటాయి. పార్ట్ విప్పి వెనక వైపు చూడండి. ఇంగ్లీష్‌లో పీపీ అనే అక్షరాలు అచ్చు వేసి ఉంటే పాలీప్రొపిలీన్. పక్కన టీ 20 అని ఉంటే అందులో 20 శాతం టాల్క్ ఉందని అర్థం. ఏబీఎస్ అని ఉంటే అది వేరే ప్లాస్టిక్. అద్దాల కవర్లు, గ్రిల్ లాంటివి చాలాసార్లు ఏబీఎస్‌వి.

ఎనభైల నాటి పార్టుల మీద ఈ గుర్తులు ఉండకపోవచ్చు. అప్పుడు వెనక అంచు నుంచి బ్లేడుతో చిన్న పొర తీసి, చుక్క డిష్‌వాష్ లిక్విడ్ కలిపిన నీళ్లలో వేయండి. తేలితే పీపీ అని దాదాపు నమ్మొచ్చు, ఎందుకంటే అది నీళ్లకంటే తేలిక. ఏబీఎస్ మునుగుతుంది. అయితే టాల్క్ ఎక్కువ కలిపిన పీపీ కూడా మునగొచ్చు. కాబట్టి తేలితే సమాధానం దొరికినట్టు, మునిగితే ఇంకా తేలనట్టు. తేలనప్పుడు ఏబీఎస్ అనుకుని జాగ్రత్తగా ఉండటమే సేఫ్.

లెవల్ 0: శుభ్రం చేయడం

ఏ పద్ధతి అయినా సగం రిజల్ట్ ఇక్కడే. బండిని నీడలో పెట్టండి, ప్లాస్టిక్ చేతికి చల్లగా తగలాలి. షాంపూ నీళ్లు, నైలాన్ బ్రష్‌తో గరుకు సందుల్లోకి వెళ్లేలా రుద్దండి. పాత టైర్ పాలిష్, నూనెలు పేరుకుని ఉంటే డీగ్రీజర్ వాడండి. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. గుడ్డకి మురికి అంటడం ఆగేదాకా కొనసాగించండి. పెట్రోల్, థిన్నర్ వాడొద్దు. థిన్నర్ ఏబీఎస్‌ని కరిగిస్తుంది, పక్కన ఉన్న పెయింట్‌ని కూడా లేపేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఫోన్ తీయండి. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేసి, ఫ్రేమ్‌లో ఒక మూల తెల్ల ఏ4 కాగితం పెట్టి ఫోటో తీయండి. ఆటో మోడ్‌లో తీస్తే కెమెరా తనంతట తానే నల్లని వస్తువుని కాస్త తెల్లగా చూపిస్తుంది, రేపటి ఫోటోతో పోల్చడానికి లేదు. మళ్లీ తీసేటప్పుడు అదే చోట, అదే టైంకి, అవే సెట్టింగ్స్. మ్యాక్రో లెన్స్ ఉంటే ఒక క్లోజప్ కూడా తీసుకోండి, పగుళ్లు ఎంత లోతుగా ఉన్నాయో అంచనా వస్తుంది.

లెవల్ 1: డ్రెస్సింగ్ (పూర్తి రోల్‌బ్యాక్ ఉంది)

నూనెలు, టైర్ పాలిష్‌లు, నీళ్ల ఆధారంగా చేసిన ట్రిమ్ ప్రొటెక్టెంట్‌లు అన్నీ ఈ కోవలోకి వస్తాయి. పని చేసే తీరు తడి పలకలాంటిదే. కొబ్బరి నూనె, వ్యాజ్‌లీన్ రాస్తే ఆ పూటకి మెరుస్తుంది. మర్నాడు మన రోడ్ల దుమ్మంతా దానికే అంటుకుంటుంది. పైగా వ్యాజ్‌లీన్ లాంటి పెట్రోలియం రకాలు డోర్ రబ్బర్లకి తగిలితే అవి ఉబ్బిపోతాయి.

ఈ లెవల్‌లో కొనాలంటే జిడ్డు లేని, యూవీ ప్రొటెక్షన్ ఉందని లేబుల్ మీద రాసిన, నీళ్ల ఆధారిత రకం తీసుకోండి. తెల్లబడటం ఇప్పుడిప్పుడే మొదలైన బండికి ఇది చాలు. కానీ నెలకోసారైనా మళ్లీ రాయాలి. ఒక హెచ్చరిక: సిలికాన్ ఎక్కువగా ఉన్న పాలిష్ రాసి, తర్వాత ఎప్పుడో పెయింట్ వేయిద్దామంటే పెయింట్ మీద చేప కళ్లలాంటి గుంటలు వస్తాయి. డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో ఎవరినడిగినా ఇదే చెప్తారు.

లెవల్ 2: డై, ట్రిమ్ కోటింగ్ (రోల్‌బ్యాక్ ఉంది, కానీ కష్టపడాలి)

వీటిలో రెండు రకాలు. ఒకటి నల్ల రంగు కలిపిన రెసిన్, పగుళ్లలోకి దిగి గట్టిపడుతుంది. రెండోది పారదర్శకమైన సిరామిక్ రకం, పైన సన్నని పొరలా కూర్చుంటుంది. రెండూ షాంపూకి పోవు. వాష్‌ల లెక్కన నిలుస్తాయని కంపెనీలు చెప్పుకునేది కూడా ఈ రకాల గురించే. బాగా ఆక్సిడైజ్ అయిన 800 బంపర్‌కి ముందుగా ప్రయత్నించాల్సింది రంగు కలిపిన రకం.

వేసే విధానం:

1. గ్లోవ్స్ తప్పనిసరి. పక్కన ఉన్న బాడీకి మాస్కింగ్ టేప్ వేయండి. బండికి పాత రీపెయింట్ ఉంటే టేప్‌తో పాటు రంగు ఊడొచ్చు, ముందు ఒక మూల పరీక్షించండి.
2. ఫోమ్ అప్లికేటర్ మీద కొన్ని చుక్కలే వేయండి. ఒక అడుగు పొడవు చొప్పున రుద్దుకుంటూ వెళ్లండి.
3. రెండు మూడు నిమిషాలకి మైక్రోఫైబర్ గుడ్డతో మిగిలినదంతా తుడిచేయండి. మందంగా వదిలేస్తే చారలు పడతాయి.
4. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే తుడవండి, ఆరితే మొండికేస్తుంది.
5. కనీసం 24 గంటలు నీళ్లు తగలనివ్వొద్దు. వానాకాలంలో చేయాలంటే పొడిగా ఉన్న రోజు చూసుకోండి.

మా నాన్న 1998 మోడల్ 800 వెనక బంపర్‌ని టేప్‌తో మూడు భాగాలు చేసి పరీక్షించాం. ఒక భాగానికి టైర్ పాలిష్, ఒక భాగానికి రంగు కలిపిన రెసిన్, మూడోది కేవలం శుభ్రం చేసి వదిలేశాం. మూడింటికీ ఒకే షాంపూ, ఒకే బ్రష్, ఒకే ఎండ. మొదటి రోజు టైర్ పాలిష్ భాగమే అందరికీ నచ్చింది, అదే ఎక్కువ మెరిసింది. మూడో వాష్‌కి అది ఏమీ రాయని భాగంతో కలిసిపోయింది. రెసిన్ వేసిన భాగం మెరుపు తక్కువగా, ఒరిజినల్‌కి దగ్గరగా అలాగే నిలబడింది. మీరూ మొత్తం బంపర్‌కి డబ్బు పెట్టే ముందు ఇలా ఒక జానెడు చోట టెస్ట్ చేయండి. మొదటి రోజు ఫోటో చూసి నిర్ణయించొద్దు, మూడో వాష్ ఫోటో చూసి నిర్ణయించండి.

లెవల్ 3: హీట్ గన్ (రోల్‌బ్యాక్ లేదు)

వేడి పెడితే "లోపలి నూనె పైకి వస్తుంది" అని వీడియోల్లో చెప్తారు. ముఖ్యంగా జరిగేది వేరే: పాడైన పైపొర కొద్దిగా కరిగి, పగుళ్లు మూసుకుని, మళ్లీ గట్టిపడుతుంది. అందుకే రంగు మన కళ్ల ముందే మారిపోతుంది. చూడ్డానికి మ్యాజిక్కే. కానీ ఖర్చయిపోయిన స్టెబిలైజర్లు వేడితో తిరిగి రావు. పైన ఏ రక్షణా వేయకుండా వదిలేస్తే మళ్లీ తెల్లబడుతుంది. మళ్లీ వేడి పెడితే ఒరిజినల్ గరుకుదనం కాస్త కాస్తగా చదునైపోతుంది.

ఈ నంబర్లు గుర్తుపెట్టుకోండి. పీపీ కరిగేది దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఏబీఎస్ సుమారు 100 దగ్గరే మెత్తబడి వంగిపోతుంది. మామూలు హీట్ గన్ నాజిల్ దగ్గర గాలి 500 డిగ్రీలు కూడా దాటుతుంది. అంటే మీ చేతిలో ఉన్న టూల్‌కి, ప్లాస్టిక్ తట్టుకునే హద్దుకి మధ్య చాలా దూరం ఉంది. ఆ తేడాని కాపాడేది మీ చేతి కదలిక ఒక్కటే. కాబట్టి ఏబీఎస్ పార్టుకి, ఏదో తేలని పార్టుకి ఈ పద్ధతి వద్దే వద్దు.

పీపీ అని ఖాయమై, లెవల్ 2 కూడా నిలవని పార్టు అయితే:

1. బండి మీద ఉండగా చేయొద్దు. పార్ట్ విప్పి కింద పెట్టి చేయండి. పెయింట్, అద్దం, రబ్బరు, వైరింగ్ ఏదీ పక్కన ఉండకూడదు.
2. ఆల్కహాల్, డ్రెస్సింగ్ ఏవీ మిగలకుండా కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆల్కహాల్ తడి మీద వేడి గాలి పెడితే అంటుకుంటుంది.
3. వెనక వైపు, కనపడని చోట ముందు ట్రై చేయండి.
4. తక్కువ సెట్టింగ్‌తో, జానెడు దూరంలో మొదలుపెట్టి ఇస్త్రీ చేసినట్టు ఆగకుండా కదపండి. రంగు మారగానే ముందుకి జరగండి.
5. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మధ్యమధ్యలో చూడండి. మ్యాట్ నలుపు మీద ఇది బాగానే కొలుస్తుంది, క్రోమ్ మీద మాత్రం నమ్మొద్దు. 160 దగ్గరకి వచ్చిందంటే ఆ చోట ఆకారం మారే హద్దులో ఉన్నట్టే.
6. గాలి ఆడే చోట చేయండి. పొగ కనపడితే వెంటనే ఆపేయండి.
7. పూర్తిగా చల్లారాక లెవల్ 2 కోటింగ్ వేయండి. ఇది వేయకపోతే చేసిన పనంతా వచ్చే వేసవి దాకానే.

కొనేవాళ్లకి ఒక మాట. 1,500 రూపాయల లోపే మంచి హీట్ గన్‌లు దొరుకుతున్నాయి, కానీ వాట్స్ చూసుకోండి. 2,000 వాట్స్ గన్‌ని ఇంట్లో ఫ్యాన్, ఛార్జర్ పెట్టే 6 యాంప్స్ సాకెట్‌లో పెట్టొద్దు. గీజర్ లేదా ఏసీ కోసం వేసిన 16 యాంప్స్ పాయింట్ కావాలి. సన్నని వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డుతో గల్లీలోకి లాగి వాడితే ముందు కరిగేది ఆ వైరే. టెంపరేచర్ డయల్ ఉన్న మోడల్‌కి కొంచెం ఎక్కువ పెట్టినా పర్లేదు. రెండు స్పీడ్‌లే ఉన్న చౌక మోడల్ ఈ పనికి కష్టం.

లెవల్ 4: పెయింట్ (రోల్‌బ్యాక్ అస్సలు లేదు)

పగుళ్లు గోరుకి తగిలేంత లోతుగా ఉంటే, లేదా పాతది ఎవరో పెయింట్ వేసి పెచ్చులూడుతుంటే ఇదే దారి. పీపీకి ఏదీ అంత తేలిగ్గా అంటుకోదు. ఫెవిక్విక్ కూడా సరిగా పట్టని ప్లాస్టిక్ అది. అందుకే బంపర్ పెయింట్ కింద ప్లాస్టిక్ ప్రైమర్ లేదా అడ్హీషన్ ప్రొమోటర్ వేయాల్సిందే. ఇది వేయకుండా డైరెక్ట్‌గా నల్ల స్ప్రే కొడితే ప్రెషర్ వాష్‌కి పొట్టులా లేస్తుంది. రంగు గ్లాస్ కాకుండా శాటిన్ లేదా మ్యాట్ బ్లాక్ తీసుకోండి, ఒరిజినల్‌కి అదే దగ్గర. గరుకు ఫినిష్ ఉన్న పార్ట్‌ని వాటర్ పేపర్‌తో నున్నగా రుద్దకండి, స్కఫ్ ప్యాడ్‌తో పైపైన చాలు. హార్డెనర్ కలిపే రకం పెయింట్‌ని ఇంట్లో కొట్టకండి. ఆ ఆవిరి ఊపిరితిత్తులకి ప్రమాదం, దానికి సరైన మాస్క్, బూత్ ఉన్న చోటే చేయించండి.

కొత్త పార్ట్ కొనేస్తే పోదా?

పోవచ్చు. రాణీగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో అడిగి చూడండి. తీసుకునే ముందు పాత పార్ట్ చేతిలో పట్టుకెళ్లండి. బరువు, మందం, గరుకుదనం, క్లిప్పుల చోటు నాలుగూ పోల్చండి. డూప్లికేట్ పార్ట్ మొదటి రోజు ఒరిజినల్ కంటే నల్లగా ఉంటుంది. కానీ లోపల కలిపిన స్టెబిలైజర్ ఎంతో మన కంటికి కనపడదు, రెండు వేసవులు దాటాకే తెలుస్తుంది. ఏది కొన్నా పాత ఒరిజినల్‌ని కబాడీకి వేయకండి. ఈరోజు వెలిసిపోయిన పార్ట్ రేపు బాగు చేసుకోవచ్చు, అమ్మేసిన పార్ట్ వెనక్కి రాదు. హీట్ గన్, మాస్కింగ్ టేప్, స్కఫ్ ప్యాడ్ లాంటివి అయితే సైదాబాద్ నుంచి చాదర్‌ఘాట్ దాటి ట్రూప్ బజార్ వెళ్తే హార్డ్‌వేర్ షాపుల్లో చూసి, పట్టుకుని కొనుక్కోవచ్చు.

చేశాక ఎలా కాపాడుకోవాలి?

బాగుచేసిన నలుపుని నిలబెట్టేది నీడ. కవర్డ్ పార్కింగ్ లేకపోతే వారానికోసారి బండిని తిప్పి ఆపండి, ఒకే వైపు ఎండ పడదు. కవర్ వేస్తే గాలి ఆడే రకం వేయండి, బండి దుమ్ముగా ఉన్నప్పుడు కవర్ లాగితే ఆ దుమ్మే వాటర్ పేపర్‌లా పని చేస్తుంది. బోరు నీళ్లతో కడిగితే ఎండలో ఆరనివ్వకుండా వెంటనే గుడ్డతో తుడవండి. ఆరు నెలలకోసారి అవే సెట్టింగ్స్‌తో ఫోటో తీసి పాతదాంతో పోల్చండి. ఫిబ్రవరిలో ఒకసారి కోటింగ్ చెక్ చేసుకుంటే వేసవికి రెడీ.

తరచూ అడిగే ప్రశ్నలు

పాత కంప్యూటర్లు తెల్లగా చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ దీనికి పనికొస్తుందా?
పనికిరాదు. అది పసుపెక్కిన లేత రంగు ఏబీఎస్ కోసం. నల్ల ప్లాస్టిక్‌కి రాస్తే ఇంకా తెల్లబడే ప్రమాదం ఉంది.

షూ పాలిష్ రాయొచ్చా?
నల్లగా అవుతుంది, వాన పడితే కారుతుంది, ఆనుకున్న ప్యాంటుకి అంటుతుంది. వద్దు.

కొత్త కార్లకి కూడా ఇదే పద్ధతా?
అవును. ఇప్పటి ఎస్‌యూవీల చక్రాల చుట్టూ ఉండే నల్ల క్లాడింగ్ కూడా ఎక్కువగా పీపీనే. కొత్తగా ఉన్నప్పుడే ప్రొటెక్టెంట్ రాస్తూ ఉంటే లెవల్ 1 దాటాల్సిన అవసరమే చాలా ఏళ్లు రాదు.

మా రికమెండేషన్

నీటి మరకలే అయితే వెనిగర్‌తో సరి. ఇప్పుడే తెల్లబడుతుంటే నీళ్ల ఆధారిత ప్రొటెక్టెంట్. బాగా బూడిదైపోతే రంగు కలిపిన రెసిన్. ఎక్కువ 800లకి ఇక్కడితో పని అయిపోతుంది. పీపీ అని తేలిన, విప్పి పెట్టిన పార్టుకి మాత్రమే హీట్ గన్. పెచ్చులూడేదానికే పెయింట్. ఒక్కో లెవల్ తర్వాత ఆగి, మూడు వాష్‌లు చూసి, అప్పుడే తర్వాతి దానికి వెళ్లండి. ముప్పై ఏళ్లు ఎండలో నిలబడ్డ బంపర్‌కి ఇంకో మూడు వారాలు ఆగడం పెద్ద విషయమేం కాదు.